ఆకాశరామన్న ఉత్తరము

కొంతకాలము క్రిందట మాకొక ఉత్తరము వచ్చెను. అడుగున సంతకము లేదు. కానుకల లెక్కలు వ్రాయు సహోదరుడు సంఘపు సొమ్ము వాడుకొనెనని అందులో ఉండెను. పెద్దలము కూర్చుండి పద్దులు చూచితిమి. పైసాతో సహా సరిపోయెను. అయితే ఆ మాట అప్పటికే ఊరంతయు ప్రాకెను. వ్రాసినదెవరో తెలియదు గనుక క్షమాపణ అడుగువారు లేరు. క్షమించుటకు ఆ సహోదరుని యెదుట మనిషియు లేడు. నేడు ఆకాశరామన్నకు కాగితముతో పనిలేదు. మారుపేరుతో ఫోనులో వ్రాసిన నింద గడియలో నూరిండ్లకు చేరుచున్నది.

కాబట్టి పేరు దాచువారందరు దుష్టులేనా? తొందరపడకూడదు. ఆసామి అన్యాయమును బయటపెట్టిన కూలివానికి మరునాడు పని దొరకదు. సత్యేంద్ర దూబే అను ఇంజనీరు జాతీయ రహదారి పనులలోని అవినీతిని గూర్చి 2002లో ప్రధానమంత్రికి వ్రాసెను. తన పేరు తెలిపి, దానిని గోప్యముగా ఉంచుడని వేడుకొనెను. అది గోప్యముగా నిలువలేదు. 2003 నవంబరు 27న అతడు గయలో కాల్చి చంపబడెను. అది దోపిడి హత్యయని తరువాత న్యాయస్థానము తేల్చినను, నమ్మి చెప్పిన పేరును కాపాడలేదను నింద మిగిలెను. 2004లో కేంద్ర ప్రభుత్వము ఒక ఏర్పాటు చేసెను. దాని ప్రకారము కేంద్ర విజిలెన్సు కమిషనుకు ఫిర్యాదు చేయువాడు పేరును కవరుమీద వ్రాయక లోపల వ్రాయవలెను. కమిషను దానిని రహస్యముగా ఉంచవలెను. పేరు లేనిదానిని తీసికొనరు.

ఇందులో మనకు వివేకము కలదు. పేరు దాచుట వేరు, బాధ్యత తప్పించుకొనుట వేరు. హాని చేయువానికి మన పేరు తెలియనక్కరలేదు, విచారించువానికి తెలియవలెను. కొరింథు సంఘములోని కలహములు తనకు క్లోయె ఇంటివారి వలన తెలిసెనని పౌలు స్పష్టముగా వ్రాసెను; వారు చెప్పి చాటుకు పోయినవారు కారు. ధర్మము చాటున చేయవలెనని ప్రభువు నేర్పెను గాని, నింద చాటున మోపవలెనని నేర్పలేదు.

అయితే మమ్మును మేమే ప్రశ్నించుకొనవలసియున్నది. ఆ ఉత్తరము వ్రాసినవారు మా యెదుటికి ఎందుకు రాలేదు? మేము వారి పేరు బయటపెట్టుదుమని భయపడిరేమో. ఇకమీదట సంతకము లేని నింద సంఘములో చదువబడదు. సంతకము చేసినవారి పేరు మా నోట వెడలదు. ఆ ఉత్తరము వ్రాసినవారు ఇది చదువుచున్నయెడల, నీకొదేమువలె రాత్రివేళనైనను రండి. తలుపు తీసియుంచెదము.