ఈ ఒక్కరోజేగా, తినండి!

వేసవిలో మన సంఘాలు పార్కులో కూడుకుంటాయి. ఆరాధన ముగిశాక గ్రిల్ వెలిగిస్తాం. హాట్ డాగ్‌లు, బర్గర్లు, బిర్యానీ ట్రేలు, ఐసులో కోలా డబ్బాలు. షుగర్ ఉన్న ఒక పెద్దాయన వరుసలో తటపటాయిస్తారు. "ఈ ఒక్కరోజేగా అంకుల్, తినండి" అంటాం. ఆయన నవ్వి ప్లేటు చాపుతారు. ఇక్కడ బాధ్యత ఎవరిది? తినేవారిదా, వడ్డించేవారిదా?

ఆశానిగ్రహం తినేవారిదే అనడం తేలిక. కానీ 12 ఔన్సుల కోలాలో దాదాపు 39 గ్రాముల చక్కెర ఉంటుంది. హాట్ డాగ్ వంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. మన ఇళ్ళలో షుగర్, గుండెజబ్బులు ఎంత సాధారణమో మనకు తెలుసు. తెలిసీ వేరే వంటకం లేకుండా బల్ల వేస్తే, సహోదరునికి అడ్డం వేసింది మనమే.

అలాగని పక్కవారి ప్లేటులోకి చూసి తీర్పు తీర్చడమూ ప్రేమ కాదు. రోమా 14లో పౌలు ఈ రెంటి గురించీ హెచ్చరించాడు.

మసాలా పట్టించిన చేప, తోలు తీసిన చికెన్, కాల్చిన క్యాప్సికం, ఉల్లిపాయలు, పల్చని మజ్జిగ కూడా చేద్దాం. "షుగర్ వాళ్ళకు" అని ఓ మూలన కాక, వరుసలో మొదటే పెడదాం. అప్పుడు ఎవరూ తమ జబ్బు చెప్పుకోనక్కరలేదు.

రాత్రంతా శ్రమించిన శిష్యులు ఒడ్డుకు చేరేసరికే ప్రభువు నిప్పుల మీద చేప సిద్ధపరచి ఉంచాడు (యోహాను 21). ముందుగానే తలంచే అట్టి ప్రేమ మన బల్లల దగ్గర కనబడును గాక.