అయిపోని కష్టానికి సాక్ష్యమేమిటి?

మా సంఘంలో ఎవరైనా పోతే పెట్టే ఆదరణ కూడికలో ఒక భాగం చదవకుండా ఉండరు. కొరింథీయులకు పౌలు రాసిన రెండో పత్రిక, మొదటి అధ్యాయం. దేవుడు మనల్ని శ్రమల్లో ఆదరించేది మనం ఇంకొకర్ని ఆదరించగలిగేటందుకేనని. చదవడం అయ్యాక అయ్యగారు, భర్తని పోగొట్టుకున్న మనిషి వైపు తిరిగి, రేపు నువ్వు పదిమందికి ఆదరణ అవుతావమ్మా అంటారు. సమాధి మీద మట్టి ఇంకా ఆరి ఉండదు. ఆవిడ తల ఊపుతుంది.

ఆ తల ఊపడం దగ్గరే నాకు పేచీ. నా కష్టం నీ కోసం, నీ కష్టం ఇంకొకరి కోసం, వాళ్ళది మరొకరి కోసం. ఇలా ఒకళ్ళ మీదికి ఒకళ్ళం తోసుకుంటూ పోతే వరసలో ఆఖరున నిలబడ్డవాడి కష్టం ఎవరి కోసం వచ్చినట్టు? అతని తరవాత ఎవరూ లేరు. మొదటివాణ్ణి దేవుడే ఆదరించాడంటారు. మంచిదే. నేరుగా ఆదరించే చేయి ఉన్నప్పుడు మధ్యలో ఇంతమంది కిడ్నీలు పాడవడం దేనికి?

కిడ్నీలనే ఎందుకు అన్నానో ఈ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం. పచ్చటి కొబ్బరి, జీడితోటల ఉద్దానం. ఇక్కడ ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తెలుసుకోడానికి ఏళ్ళ తరబడి నీళ్ళు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, పురుగుమందుల్ని, ఎండలో చేసే కష్టాన్ని అనుమానించారు. ఇదీ కారణం అని తేల్చలేకపోయారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. అంత చదువుకున్నవాళ్ళకి అందని కారణం మా కూడికలో ఒక్క వాక్యంతో దొరికిపోతుంది.

మా బావ నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసినవాడు. (ఉప్పు గురించి యేసుప్రభువు చెప్పిన మాటని మా ఊరొచ్చిన ప్రతి ప్రసంగీకుడూ వాడేశాడు. నేను వాడను.) డయాలసిస్ మొదలయ్యాక అతనికి ఉప్పు తగ్గించమన్నారు. అదేం పెద్ద బాధ కాలేదు. బాధంతా నీళ్ళది. రోజుకి ఇంతే తాగాలని కొలత పెట్టారు. మడిలో ఎండకి నిలబడి చెంబులకి చెంబులు ఎత్తిన మనిషి. ఆ కొలత పొద్దున్న పదింటికల్లా అయిపోయేది. తరవాత గోడవైపు తిరిగి పడుకునేవాడు. దాహం గురించి ఎవరికి చెప్పుకుంటాడు? చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ మంచివాళ్ళే, ప్రార్థన చేసినవాళ్ళే. ప్రార్థన అయ్యాక మా అక్క ఇచ్చిన మంచినీళ్ళు అతని ఎదుటే గటగటా తాగి వెళ్ళేవారు.

పలాసలో అతని పక్క మంచం ఒక ముసలావిడది. ఒకప్పుడు జీడిగింజలు ఒలిచిన చేతులు, వేళ్ళ చివర నలుపు ఇంకా వదల్లేదు. పెనిమిటి ఈ జబ్బుతోనే పోయాడు, ఇప్పుడు తన వంతు. నాలుగు గంటలు మిషను తిరుగుతుంటే బావ మూలిగాడు, నాలిక పిడచకట్టిపోతోందని. ఆవిడ ఖాళీగా ఉన్న చేత్తో తలగడ పక్కనున్న సంచి తడిమి ఒక ఉగ్గుగిన్నె తీసింది. పసిపిల్లలకి పాలు పట్టేది. అంచు సొట్టపడి ఉంది.

"గలాసుడు నీల్లు ఒక్కపాలే తాగీసినావంటే రోజల్లా ఏడుపే బాబూ. దీంతో తాగు. నోరు తడిస్తే సాలు, కడుపు నిండక్కర్నేదు. ముందు పుక్కిట పట్టి ఉంచు, అప్పుడు మింగు."

ఈ మధ్య చదువుకున్న పాస్టర్లు యోబు స్నేహితుల్ని మెచ్చుకుంటున్నారు. ఏడు రోజులు నోరెత్తకుండా పక్కన కూర్చోవడమే అసలైన ఆదరణ, నోరు తెరిచాకే పాడుచేశారు అంటారు. ఆ ముసలావిడ మౌనంగా కూర్చుని ఉంటే బావ ఆ వేసవి గట్టెక్కేవాడు కాదు.

మరి పౌలు మాటే నిజమైనట్టా? ఆవిడ దాహమే కదా బావకి పనికొచ్చింది. ఎన్నాళ్ళు ఆలోచించినా నేను ఇక్కడే ఆగిపోతాను. పనికి రావడం వేరు, పని కోసం రావడం వేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా తోటలన్నీ పడగొట్టాక కూలిన కొబ్బరి మానుల్ని జనం కాలవల మీద అడ్డంగా వేసుకుని నడిచారు. వంతెనల కోసమే తుపాను వచ్చిందని అన్నవాళ్ళు లేరు. అలా అని ఊరుకుందామంటే, నా లెక్కకి అందనిది ఇంకొకటి ఉంది. తను పొందిన ఆదరణనే మనిషి పంచుతాడని కదా పౌలు అనేది. ఆవిడ ఎవరి దగ్గర పొందింది? ఆవిడకి ఉగ్గుగిన్నె ఎవరూ ఇవ్వలేదు. మనవడిదట, ఒకనాడు తనకే తోచిందట. తనకి అందనిదాన్ని ఇచ్చింది.

పైగా ఆవిడ ఇంకా కష్టం లోపలే ఉంది. మా సంఘాల్లో సాక్ష్యం చెప్పాలంటే కష్టం అయిపోయి ఉండాలి. అప్పుడు అలా ఉన్నాను, దేవుడు ముట్టాడు, ఇప్పుడు ఇలా ఉన్నాను. పాటలకి ఈ నిబంధన లేదు. మేం పాడే కీర్తనల్లో చాలా వాటి కర్త పురుషోత్తమ చౌదరి మా పొరుగువాడే, 1803లో పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో పుట్టినవాడు. ఆయన వేడుకోలు పాటలు లోపలున్నవాడి పాటలే, గట్టెక్కినవాడివి కావు. పాడేటప్పుడు ఒప్పుకునేదాన్ని మైకు ముందు మాత్రం ఒప్పుకోం. బావని కూడా సాక్ష్యం చెప్పమన్నారు. "గడిచాక సెప్తానండి అయ్యగారూ" అన్నాడు. ఈ జబ్బు గడవడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

పౌలు కష్టం కూడా అయిపోలేదు. ఒంట్లో ముల్లులాంటి బాధని తీసెయ్యమని వేడుకున్నా దేవుడు తీసెయ్యలేదు. అది ఇదే పత్రికలో చివరికెళ్ళాక ఉంటుంది, ఆదరణ కూడికల్లో అంతదూరం చదవరు. ఏడో అధ్యాయంలో మరొకటి చెప్పుకున్నాడు. కుంగిపోయి ఉన్నప్పుడు తీతు రావడంతో దేవుడు తనని ఆదరించాడని. తీతు తెచ్చిన కబురూ మంచిదే, కానీ పౌలు ముందు చెప్పింది మనిషి రావడం గురించి.

ఇక్కడే నాకు అసలు భయం. మొన్నీమధ్య పలాసలో ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. బావ లేచి కూర్చుని, "తమ్ముడూ, గలాసు పక్కన పెట్టీ" అని మొదలెట్టాడు. పుక్కిట పట్టడం దాకా అంతా చెప్పాడు. జబ్బు చేసిన దగ్గర్నించి అతని మొహంలో అంత తేట నేను చూడలేదు. ఆదరణ అవతలికి వెళ్ళిందో ఇవతలికి వచ్చిందో నాకు తేలలేదు. ఆ కుర్రాడి కిడ్నీలు పాడవడం మా బావకి ఓదార్పు అయిందంటే, పౌలు వరసని నేను తలకిందులు చేసినట్టే. నేను వద్దన్నదానికంటే ఇది ఇంకా ఘోరం. అయినా ఆ సాయంత్రం బావ అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాడు, ఇది కూడా నిజమే.

ఉద్దానంలో కొత్తగా ఇంకెవరూ ఆ మంచం ఎక్కకూడదని ఇంట్లో రోజూ ప్రార్థన చేస్తాం. బావ అందరికంటే గట్టిగా ఆమెన్ అంటాడు. పలాస వెళ్ళిన రోజు మాత్రం లోపలికి అడుగు పెడుతూనే నర్సమ్మని అడిగే మొదటి మాట, కొత్తవాళ్ళెవరైనా చేరారా అని.