తప్పు సీసాదా, మనిషిదా?

“తాగుంటే అట్లా చేశాడు గానీ, మంచివాడే పాపం!” ఈ మాట మన వీధుల్లో ఎన్నిసార్లు వినలేదు? కొట్టిన దెబ్బను సీసా మీదికి నెట్టేసే మాట ఇది.

చట్టం ఈ మాటను అంత సులభంగా ఒప్పుకోదు. మత్తులో ఏం చేస్తున్నాడో తెలియనివాడికి క్షమ ఉండాలంటే, ఆ మత్తు అతనికి తెలియకుండానో, ఇష్టం లేకుండానో ఇంకొకరు ఎక్కించి ఉండాలని 1860 నాటి భారత శిక్షాస్మృతి 85వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అదే నియమం. తానే తాగినవాడికి ఆ క్షమ లేదు.

సరే, ‘తానే తాగడం’ అంటే ఏమిటి? చిక్కంతా ఇక్కడే ఉంది. యుద్ధమో, ఘోర ప్రమాదమో, చిన్నప్పుడు తిన్న దెబ్బలో మనసులోంచి పోనివాళ్లు ఉంటారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధ చూశాక, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అనే పేరుతో జబ్బుల పట్టికలో చేర్చింది. కన్ను మూస్తే ఆ దృశ్యమే. పళ్లెం కిందపడినా ఉలికిపాటే. ఒక గ్లాసు తాగితే నిద్ర పడుతుంది గానీ, మత్తు దిగేకొద్దీ ఆ నిద్ర చెదురుతుంది, పీడకల మళ్లీ వస్తుంది. మర్నాడు రెండు గ్లాసులు. ఎప్పుడూ అపాయం పొంచి ఉందనుకునే మనసుకు, ఆగి ఆలోచించనివ్వని మద్యం తోడైతే, ఎదురుచెప్పిన బిడ్డ కూడా శత్రువులా కనబడొచ్చు. ఆ రాత్రి బిడ్డ మనసులో కొత్త గాయం పడుతుంది.

గాయపడినవాళ్లంతా కొడతారని కాదు. చాలామంది ఎవరి మీదా చెయ్యెత్తరు. వాళ్లను చూసి భయపడటం ఇంకో అన్యాయం.

నాకు తోచింది చెప్తాను. రాత్రి నాలుగో గ్లాసు దగ్గర అతని చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. పొద్దున మత్తు దిగాక ఉంటుంది. నిన్న ఏం జరిగిందో భార్య ముఖం చూస్తే తెలుస్తుంది. “నాకు వైద్యం కావాలి” అనాల్సిన బాధ్యత ఆ పొద్దుటిది. ఆ మాట అనకుండా సాయంత్రం మళ్లీ అంగడికి నడిస్తే, పాత గాయం మీద జాలి ఉన్నా కొత్త దెబ్బ అతనిదే. తాగుడూ పీడకలలూ రెండింటికీ కలిపి వైద్యం జరగాలి. మా హోసూరుకు 40 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసనాలకు ప్రత్యేక విభాగమే ఉంది.

“తనది జబ్బని తెలియనివాడి సంగతేంటక్కా?” అని మా చెల్లి అడిగింది. మంచి ప్రశ్నే. అతనికి తెలియకపోయినా ఇంట్లోవాళ్లకూ పక్కింటివాళ్లకూ తెలుస్తూనే ఉంటుంది కదా. టెలిమానస్ నంబరు 14416కు వాళ్లయినా చేయొచ్చు, డబ్బులు పడవు. అతను బాగయ్యేదాకా దెబ్బలు ఓర్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. పిల్లల కోసం 1098 ఉంది.