కాయకమునకు తగిన ఫలము



పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమునందు ఆయ్దక్కి మారయ్య అను శరణుడుండెను. నేల రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, వానితో జంగమ దాసోహము నడుపుట ఆయన కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెనని సంప్రదాయము చెప్పుచున్నది. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. అక్కరకు మించిన బియ్యము మనది కాదు, ఎక్కడిది అక్కడనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. ఈ కథను మనము పిల్లలకు చెప్పుకొనుచునే యున్నాము. నేడు దీనిని మన సంస్థల వైపు త్రిప్పి చూచుకొనవలయును.

మన మఠములును ధర్మసంస్థలును వసతిగృహములను, అనాథ శిశుగృహములను, కుటుంబ సహాయ కేంద్రములను నడుపుట మనకు గర్వకారణము. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామివారు 2019లో లింగైక్యులగు వరకు వేలకొలది పిల్లలకు అన్నము, ఆశ్రయము, అక్షరము ఒసగిరి. ఇట్టి సేవ ఎచ్చట జరిగినను దానిని మోయు చేతులు వేరుగా నుండును. వేకువనే పొయ్యి రాజేయు వంటమనిషి, జ్వరపడిన బిడ్డ ప్రక్కన రాత్రియంతయు మేల్కొను వార్డెను, త్రాగుబోతు తండ్రి గడప యెక్కి బిడ్డను బడికి పంపుమని బ్రతిమాలు కార్యకర్త - వీరు లేనిదే దాసోహము లేదు.

వీరు జీతమును గూర్చి నోరు విప్పినపుడు, “ఇది సేవ గదా, వెల కట్టవచ్చునా?” అను మాట కమిటీలలో వినబడుచుండును. ఈ మాట మనది మాత్రమే కాదు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమున అంగన్‌వాడీ స్త్రీలకు ఇచ్చునది జీతమనిపించుకొనలేదు. “గౌరవ వేతన” మనిపించుకొన్నది. వారికిని గ్రాట్యుటీ హక్కు కలదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పుటకు 2022 ఏప్రిల్ రావలసి వచ్చెను.

దాసోహమనగా తనది తాను అర్పించుట. ఇతరుల శ్రమను తక్కువ వెలకు గైకొని దానిని మన దానముగా చాటుకొనుట దాసోహము కానేరదు. వంటమనిషికి ఈయక మిగిల్చిన నూరు రూపాయలు హుండీలో నున్నను, అవి మారయ్య తెచ్చిన అధికపు బియ్యమే. లక్కమ్మ యుండినచో తిరిగి ఇచ్చి రమ్మనును.

“నిధులు చాలవు” అందురు. నిజమే కావచ్చును. అట్లయిన లెక్కలు వారి యెదుట విప్పి చూపుడు. కొత్త మంటపము ఒక యేడు ఆగవచ్చును. పనివాని ఇంటి పొయ్యి ఆగరాదు. నిద్రలేని వార్డెను విసుగు చివరకు బిడ్డపైననే పడును. జీతము చాలక ఆమె వెడలిపోయినచో, తల్లి లేని ఆ బిడ్డ రెండవమారు తల్లిని కోల్పోవును.

కావున వ్రాతపూర్వకమైన నియామకము, నెలకొక నిర్ణీత దినమున జీతము, వారమునకొక విశ్రాంతి దినము, రాత్రి పనికి మారుమనిషి, స్త్రీలకు రక్షణ, మొర వినుటకొక చెవి - ఇవి మన సంస్థలలో నున్నవా యని ప్రతి కార్యవర్గమును తన్ను తాను ప్రశ్నించుకొనుగాక! త్రాళ్ళు పేనిన నులియ చందయ్య, గురులింగజంగములకును కాయకము తప్పదని నిలిచినవాడు. అధ్యక్ష పీఠము అంతకంటె పెద్దది కాదు.

పిల్లలకు వడ్డించు చేయి ఆకలితో వణకని నాడే మన పంక్తి ప్రసాదమగును.