తిండి - తీరిక

స్త్రీ లావెక్కినచో జిహ్వచాపల్యమనియు, చిక్కినచో అశ్రద్ధ యనియు తీర్పు చెప్పుట మనకు అలవాటైనది. పురుషుడు లావెక్కినచో ఆ మాట యంత త్వరగా నోట రాదు. కలిమి చిహ్నమని నవ్వి యూరకుందుము. వీధివీధిని ఫాస్టుఫుడ్డు అంగళ్లు వెలసిన యీ దినములలో స్త్రీపై ఆ తీర్పు మరింత కఠినమైనది. ఇది న్యాయమా యని విచారింపవలసి యున్నది.

ఈ ప్రశ్న నాకు అరకులోయలో కలిగినది. వారపు సంతనాడు ఒక కొండ స్త్రీ పసుపు, అల్లము, అడ్డాకుల కట్టలు గంపకెత్తుకొని దిగివచ్చినది. మధ్యాహ్నము దాటువరకు బేరమాడి, వచ్చిన డబ్బు కొంగున ముడివైచుకొని, బిడ్డలకు నూడుల్స్ పొట్లములు రెండు, తనకు బజ్జీలు నాలుగు కొన్నది. తెల్లవారినది మొదలు ఆమె తిన్న తిండి అదియే. మా జట్టులోని యొక యిల్లాలు చూచి, "అయ్యో! చోళ్లు, సామలు విడిచి వీరును ఇవియే తినుచున్నారా!" యని నొచ్చుకొన్నది. అప్పుడు ఆమె చేతిలో చిప్సు పొట్లమున్నది. నా చేతిలోను ఉన్నది.

ఆ తిండి నిర్దోషమని నేననను. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో కెవిన్ హాల్ అను శాస్త్రజ్ఞుడు 2019లో ఒక పరీక్షా ఫలితమును ప్రకటించెను. 20 మంది స్త్రీపురుషులకు రెండు వారములు కర్మాగారములలో తయారైన తిండియు, రెండు వారములు సహజ పదార్థములతో వండిన తిండియు పెట్టిరి. వడ్డించిన దానిలో శక్తి, చక్కెర, క్రొవ్వు, పీచు సమానము. ఎంత తినుట వారి యిష్టము. మొదటి తిండితో వారు దినమునకు సుమారు 500 క్యాలరీలు అధికముగా తిని, రెండు వారములలో దాదాపు 0.9 కిలో బరువెక్కిరి; రెండవ దానితో ఇంచుమించు అంతే తగ్గిరి. ఆ మనుష్యుల మనోనిగ్రహము పక్షము తిరుగగనే మారినదా? మారినది పళ్లెములోని పదార్థము.

2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 36 మంది అధిక బరువు గలవారు. సుమారు 15 మంది ఉండవలసిన దానికన్న తక్కువ బరువు గలవారు. సగము కన్న ఎక్కువ మందికి రక్తహీనత. కడుపు నిండుట వేరు, దేహము పోషింపబడుట వేరు. నూరు గ్రాముల చోళ్లలో సున్నము సుమారు 364 మిల్లీగ్రాములు. పాలిషు బియ్యములో పదియైనను లేదు. ఆ పొట్లము కొండ నెక్కిదిగు స్త్రీకి ఆకలి నణచి లేమిని మిగుల్చును. కూర్చుండి పనిచేయు పట్నపు స్త్రీకి అదే లేమిపై బరువును పెంచును.

"అట్లైన మరల చోళ్లు, సామలు తినరాదా?" యందురు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది, ప్రశంసలకు కొదువలేదు. కాని సామలు దంచవలెను, చోళ్లు విసరవలెను. రోకలి ఎవరి చేతిది? తిరుగలి ఎవరి చేతిది? 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యము పేదల ఆకలిని తీర్చుటయే గాక, ఎందరో తల్లుల చేతినుండి ఆ రోకలిని కూడ దించినది. నేడు వారిని పూర్వపు తిండికి పొండని మనము చెప్పుటలో పూర్వపు చాకిరికి పొండను మాట దాగియున్నది. అందరు తిన్న తరువాత మిగిలినది తిని, అందరికన్న ముందు లేచు స్త్రీకి రెండు నిమిషములలో ఉడుకు తిండి రుచికన్న ముందు తీరికను అమ్ముచున్నది.

అట్లని స్త్రీకి బాధ్యతయే లేదా? కలదు. ఎంపిక యున్నంతవరకే అపరాధము. ధనము, విద్య, తీరిక గలిగియు పొట్లము విప్పువారికి, నాకును, అది యెక్కువ. సంతలో బజ్జీలు తిన్న యామెకు అది బహుస్వల్పము. అయితే మనము నిందించునప్పుడు ఈ లెక్కను తలక్రిందులు చేయుచున్నాము.

కనుక సంస్కారమును కోరువారు స్త్రీకి ఉపవాసములు బోధించుటకు ముందు ఆమెకు తీరికను సంపాదించి యీయవలెను. కొండ గ్రామమున ధాన్యము పొట్టు తీయు మర యుండవలెను. పట్నపు టింట పురుషుడు కూడ పొయ్యి దగ్గర నిలువవలెను. రెండుచోట్లను ఇల్లాలు చివరి పంక్తిని గాక మొదటి పంక్తిలోనే కూర్చుండవలెను. ఇంత చేసిన పిదప ఆమె యేమి తినుచున్నదని అడుగుటకు మనకు కొంత అధికారము కలుగును. నేటి రాత్రి మన యింట ఎవరు చివర తినుచున్నారో చూచుటతో ఈ పని ఆరంభింపవచ్చును.