పొగ రాదు కాబట్టి

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తా మోస్తూ బీడీ కాల్చడం కుదరదు. గోనెసంచులు, ఊక ఉన్నచోట అగ్గిపుల్ల గీయడమే ప్రమాదం. ఖైనీకైతే పని ఆపక్కర్లేదు. అరచేతిలో చిటికెడు పొగాకు, వేలికొసన కాస్త సున్నం, బొటనవేలితో నలుపుడు. రెండు తట్లు తట్టి దుమ్ము ఎగరగొట్టి, కింది పెదవి లోపల పెట్టుకుంటే మళ్లీ బస్తా కిందికి వీపు వంచొచ్చు. ఈ అలవాటు హమాలీ ఎంచుకున్నదా, పనే అతనికి అంటగట్టిందా?

‘‘సిగరెట్ తాగితే ఊపిరితిత్తులు ఖరాబైతయి. ఇది నమిలి ఊంచేసుడే గదా సార్’’ అంటారు హమాలీలు.

ఈ మాటలో కొంత నిజముంది, దాన్ని దాచకూడదు. పొగ లేదు కాబట్టి ఊపిరితిత్తులకు ఆ దెబ్బ తగలదు. స్వీడన్ మగవాళ్లు చాలాకాలంగా సిగరెట్ బదులు స్నూస్ అనే తడి పొగాకు వాడుతున్నారు. యూరప్‌లో మగవాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ బాగా తక్కువున్న దేశాల్లో అదొకటి. కానీ స్నూస్‌లో వక్క ఉండదు, దాన్ని వేడితో శుద్ధి చేస్తారు. ఖైనీతోపాటు ఇక్కడ నమిలే గుట్కాలో పొగాకు, వక్క, సున్నం అన్నీ కలిసే ఉంటాయి. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004 నాటికే ప్రకటించింది. నములుతున్నకొద్దీ బుగ్గల లోపలి పొర బిగుసుకుపోతుంది. కూరలో కాస్త కారం తగిలినా మంట. మూడు వేళ్లు నిలువుగా పట్టే నోట్లో రెండే పడతాయి, ఆ తర్వాత ఒక్కటే. చివరికి ముద్ద పెట్టుకోవాలన్నా నోరు తెరుచుకోదు.

2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో పొగ తాగేవాళ్లు 10.7 శాతం, పొగ రాని పొగాకు వాడేవాళ్లు 21.4 శాతం. అంటే రెట్టింపు. అయినా మన భయం ఎక్కువగా సిగరెట్ మీదే ఎందుకుంది? పొగ పక్కవాడి ముక్కుకు తగులుతుంది. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో దాన్ని కట్టడి చేశారు, అది న్యాయమే. కానీ మనకు కలిగే ఇబ్బందినే హానికి కొలతగా పెట్టుకున్నామేమోనని నా అనుమానం. కూలివాడి చెంప లోపల జరిగేది మనదాకా రాదు. గోడ మీది ఎర్రమరక చూసి కోప్పడతాం, ఆ నోటి గురించి అడగం.

గుట్కాను 2013లో ఉమ్మడి రాష్ట్రంలో నిషేధించారు, 2024 మేలో తెలంగాణ మళ్లీ ఉత్తర్వులిచ్చింది. అయినా ఒక పొట్లంలో పాన్‌మసాలా, ఇంకో పొట్లంలో జర్దా కొని నోట్లో కలుపుకోవడం ఆగలేదు.

‘‘సిగరెట్, ఖైనీ రెండిట్లో ఏది తక్కువ చేటు?’’ అని అడిగేవాడికి శాస్త్రం చెప్పే జవాబు పూర్తిగా చెప్పాలి, స్వీడన్ సంగతితో సహా. కాకపోతే అతనడిగేది నిజంగా ఆ లెక్కేనా? ఉన్నదాంతోనే ఉండనివ్వమని అడుగుతున్నాడేమో. మానుకోమని చెప్పడం మనకు తేలిక. మానేసిన తొలి రోజుల్లో తలనొప్పి, చిరాకు, దేనిమీదా మనసు నిలవకపోవడం మామూలే. బస్తాల లెక్కన కూలి కట్టేచోట, ఆ రోజుల్లో తగ్గిపోయే బస్తాల కూలి ఎవరిస్తారు?