రూమ్ ఎప్పుడు ఇల్లవుతుంది?

శుక్రవారం సాయంత్రం మా ఆఫీసు లిఫ్టులో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకరు "రూమ్‌కి పోతున్న" అంటారు, ఇంకొకరు "ఇంటికి పోతున్న" అంటారు. రూమ్ అంటే గది కాదు. మూడు బెడ్రూములు, హాలు, బాల్కనీ ఉన్నా సరే, స్నేహితులు కలిసి అద్దెకుంటే అది రూమే. ఇల్లంటే బస్సెక్కి పోవాల్సింది. నాలుగు గోడలకీ, వాటి మధ్య సాగే బతుక్కీ తెలుగులో ఒకటే మాట ఉంది. మా తరం దాన్ని రెండు ముక్కలు చేసుకుంది.

నేను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లలో ఐదు రూములు మారాను. 2020లో కరీంనగర్‌లో ఐటీ టవర్ తెరిచాక, జగిత్యాల దగ్గరవుతుందని ఇటు వచ్చేశాను. ఫ్లాటులో ముగ్గురం. ఒకడిది ఉట్నూరు. ఇంకొకడిది కొదురుపాక, అంటే మిడ్ మానేరులో మునిగిన ఊరు. అతను మాత్రం శుక్రవారం లిఫ్టులో "ఇంటికి" అనడు. "కాలనీకి పోతున్న" అంటాడు. పునరావాస కాలనీలో వాళ్లకి పక్కా ఇల్లే ఉంది, పాతదానికన్నా పెద్దది. అయినా ఆ మాట అతని నోటికి రాదు.

వచ్చిన మొదటి వారమే నేనొక గూగుల్ షీట్ తయారు చేశాను. అద్దె, కరెంటు, వాటర్ క్యాన్లు, వంట వంతు, గిన్నెల వంతు, చెత్త. పదకొండో వరుసలో ఒక నియమం: బయటివాళ్లు రెండు రాత్రులకు మించి ఉండకూడదు. ఊరికే రాయలేదు. పాత రూములో ఒకరి కజిన్ కోచింగ్ పేరుతో వచ్చి నాలుగు నెలలు మా సోఫా మీదే ఉన్నాడు. ముగ్గురం చదివి సరే అనుకున్నాం.

ఆర్నెల్ల తర్వాత కొదురుపాక మిత్రుడి నాన్న కంటి ఆపరేషన్‌కి వచ్చారు. మూడో రోజు పొద్దున నేను లేచేసరికి దుప్పటి మడత పెట్టి, సంచి సర్దుకొని, నల్లద్దాలతో హాల్లో కూర్చుని ఉన్నారు. డాక్టరు మర్నాడు మళ్లీ రమ్మన్నాడు కదా అన్నాను. "రెండు దినాలేనట గద బిడ్డా" అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఊరే ఖాళీ చేసిన మనిషి, రూలు అంటే లేచి పోవడమేనని అలవాటైన మనిషి. ఉండమని బతిమాలాను. ఉన్నారు. కానీ ఆ రోజంతా ఫ్యాన్ వెయ్యాలన్నా నన్ను అడిగే వేశారు.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు చాన్నాళ్లు అంతుపట్టలేదు. నియమం ముగ్గురికీ సమానం, ముగ్గురూ ఒప్పుకున్నదే. ఒప్పందం పద్ధతిలో చూస్తే దాంట్లో అన్యాయం లేదు. అయితే ఒప్పందం టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్లనే లెక్కేస్తుంది. నేను ఆ కజిన్‌ని ఊహించుకుని రాసిన వరుస, నేనెప్పుడూ ఊహించని మనిషికి తగిలింది. న్యాయంగా ఉన్న చోటల్లా ఇల్లు కాలేకపోవడం ఇక్కడే. రూము తనలో ఉన్నవాళ్లకి జవాబు చెప్తే చాలు. ఇల్లు, తలుపు దగ్గరికి వచ్చినవాళ్లకి కూడా జవాబు చెప్పాలి.

మరి షీట్ తీసేస్తే సరిపోతుందా? ఇంట్లో లెక్కలుండవు అని మనం గొప్పగా చెప్పుకుంటాం. జగిత్యాలలో మా ఇంట్లో నిజంగానే లెక్కలు లేవు. ఎందుకంటే అన్ని వంతులూ అమ్మవే. చుట్టాలు వారం రోజులున్నా నాన్న "ఇంకో రెండ్రోజులుండుర్రి" అనేవాడు. ఆ రెండ్రోజుల గిన్నెలు ఎవరు తోముతారని ఎవరూ అడగలేదు. ఇంకొకరి రెక్కల మీద చేసే మర్యాద అది. ఆ లెక్కన నేను బతికిన ఇళ్లన్నిట్లో గిన్నెల వంతు రాసుకున్న ఇల్లు ఈ ఫ్లాటొక్కటే. అందుకే దాన్ని చెరిపేయను.

ఉట్నూరు మిత్రుడు ఒకసారి మార్లవాయి సంగతి చెప్పాడు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక, గోండుల స్థితిగతులు చూడమని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకి చెందిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ని పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. తర్వాత వాళ్లకి పుట్టిన కొడుకుని ఊరివాళ్లు లచ్చు పటేల్ అన్నారు. 1987లో బెట్టీ చనిపోతే ఆ ఊళ్లోనే పూడ్చారు. 1995లో లండన్‌లో చనిపోయిన హైమెండార్ఫ్ అస్థికలు కూడా చివరికి అక్కడికే చేరాయి. పరాయివాడు ఇల్లు చేసుకున్న కథగా నేను దాన్ని విన్నాను. మిత్రుడు ఒప్పుకోలేదు. "ఆయన చేసుకున్నది తర్వాత. ముందు వాళ్లు చోటిచ్చిన్రు. అప్పటికి వాళ్లల్ల చానమందికి సొంత భూమికే పట్టా లేదు" అన్నాడు.

పట్టా లేనివాళ్లు చోటిచ్చారు. రెంటల్ అగ్రిమెంటు చేతిలో ఉన్న నేను రెండు రాత్రులిచ్చాను.

పోయిన దసరాకి పదకొండో వరుస మార్చాం. ఎవరి మనుషులు వస్తే ఆ రోజుల వంట, గిన్నెలు వాళ్లవే. రావడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. పనికి లెక్క ఉండాలి, రాకకి ఉండకూడదు అన్నదే మా ముగ్గురికీ తోచిన సర్దుబాటు. రేపు మళ్లీ ఒక కజిన్ నాలుగు నెలలకని దిగొచ్చు. ఆ నష్టం తెలిసే ఒప్పుకున్నాం.

పోయిన నెల రెండో కన్ను చూపించుకోవడానికి ఆయన మళ్లీ వచ్చారు. ఐదు రోజులున్నారు. బాల్కనీలో కుర్చీ వేసుకుని, దూరంగా లోయర్ మానేరు కట్ట కనిపిస్తుంటే అటే చూస్తూ కూర్చునేవారు. ఫ్యాన్ వేసేముందు మాత్రం ఇంకా అడుగుతున్నారు.

అందుకే లిఫ్టులో నేనింకా రూమ్‌కి అనే అంటున్నాను.